చారలు తర్వాత, బరువు ముందు

టీచర్ గారు పోయారన్న సంగతి నాకు మంగళవారం పొద్దున తెలిసింది. గచ్చిబౌలిలో మా ఆఫీసులో, అందరం గుండ్రంగా నిలబడి నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం అని ఒకరికొకరు అప్పజెప్పుకునే వేళ, చేతిలో ఫోన్ కదిలింది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆమె అల్లుడు పెట్టాడు. అత్తయ్య గారు నిన్న మధ్యాహ్నం అన్నం తిని పడుకుని ప్రభువునందు నిద్రించారనీ, భూస్థాపనకు బాపట్ల తీసుకెళ్తున్నామనీ, ఆదరణ కూడిక ఆదివారం మణికొండలోనే, మన క్లబ్ హౌస్‌లోనే అనీ రాశాడు. కింద ఒక ఫోటో ఉంది.

ఆ ఫోటో చూసి నాకు ముందు ఏడుపు రాలేదు. ఎవరీమె అనిపించింది. నీలం తెర ముందు నున్నటి బుగ్గలతో ఒకావిడ నవ్వుతోంది. కళ్ళజోడు లేదు. పెదవి కింద పుట్టుమచ్చ లేదు. నుదుటి మీద ఒక్క గీత లేదు. మా టీచర్ గారు నవ్వితే పై వరసలో ఒక పన్ను పక్కకు తిరిగి కనిపించేది. ఈవిడకి పళ్ళన్నీ ముత్యాల్లా ఉన్నాయి. నా వంతు వచ్చినట్టుంది, మా మేనేజర్ పిలుస్తున్నాడు. ఏం చెప్పానో గుర్తులేదు.

సాయంత్రం వాళ్ళమ్మాయికి ఫోన్ చేశాను. ఆమె నర్సు. ఇక్కడే ఒక పెద్ద ఆసుపత్రిలో పనిచేస్తుంది. అప్పటికి దారిలో ఉన్నారు.

“ఫోటోల్లేవక్కా,” అంది. “ఎవరు తీయబోయినా చెయ్యి అడ్డం పెట్టేది కదా. నా పెళ్లి ఆల్బంలో ఉంది గానీ అప్పటికి జుట్టంతా నలుపు, ఇక్కడెవరికి తెలుసు ఆ అమ్మ? ఆధార్ కార్డులోది తీసి మా ఆయన ఫోన్‌లో ఏదో యాప్‌లో పెట్టి బాగు చేయించాడు. పాపం, మంచి చేద్దామనే చేశాడు. కానీ ఆదివారం అందరూ ఆ మొహం చూసే కదా అమ్మ గురించి మాట్లాడేది. అదెవరి మొహమో నాకే తెలీదు. మీ శనివారం బొమ్మల క్లాసులో తీసినవేమైనా ఉంటే చూడక్కా.”

చూస్తానన్నాను. ఫోన్‌లో మా శనివారాల ఫోటోలన్నీ తిరగేశాను. ఎలుగుబంట్లున్నాయి, దుప్పులున్నాయి, ముంగిసలున్నాయి. అన్నీ కాగితాల మీదివే. ఒక దాంట్లో టీచర్ గారి మోచెయ్యి ఉంది. ఇంకో దాంట్లో కుంచె పట్టుకున్న వేళ్ళు, ఒక గాజు. మేం అన్నాళ్ళూ ఆమె చూపించిన వైపే ఫోన్ తిప్పాం గానీ ఆమె వైపు తిప్పలేదు. ఆ బాధతోనే ఇదంతా గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాను. మీకు చెబుతున్నది అదే.

నేను టీచర్ గారి దగ్గరికి నేర్చుకోవడానికి పోలేదు, కొట్లాటకు పోయాను. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. ఇతరులు చేసిన పనిలో తప్పులు పట్టుకుంటే నాకు జీతం ఇస్తారు. ఆ అలవాటు ఇంటికి కూడా వస్తుంది. ఒక శనివారం క్లబ్ హౌస్‌లో క్యారమ్స్ బల్ల మీద గోధుమరంగు మరక కనిపించింది. ఎవరి పని ఇది అని గట్టిగా అడిగాను. కిటికీ దగ్గర కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ తలెత్తి, “నాదేనమ్మా. అది మరక కాదు, అడవిపంది. కాగితం దాటి వెళ్ళిపోయింది. పందులంతే, ఎక్కడా ఆగవు. రా, కూర్చో,” అంది.

నాకు నవ్వొచ్చింది, పోయిన కోపం మళ్ళీ తెచ్చుకోవడం నాతో కాలేదు.

ఆమె చాలా ఏళ్ళు స్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. నల్లబల్ల మీద రంగు సుద్దలతో జంతువుల బొమ్మలు వేసీ వేసీ, కూతురి దగ్గరికి వచ్చాక నీటిరంగులు పట్టారు. సరదాకే. మమ్మల్ని కూర్చోబెట్టిందీ సరదాకే. ఫీజు లేదు, పరీక్ష లేదు. కాగితం ఆనించుకోవడానికి మాత్రం పరీక్ష అట్టలు తెచ్చుకోమనేవారు. ఆఫీసుల్లో పాతికమందిని నడిపేవాళ్ళం శనివారం పొద్దున చంకలో పరీక్ష అట్ట పెట్టుకుని లిఫ్టులో దిగుతుంటే వాచ్‌మన్ నవ్వు ఆపుకునేవాడు.

మొదటి రోజే అడిగాను. “గిదంతా దేనికి టీచర్? నేర్చుకుని ఏం చేస్తం? అమ్ముతమా?”

“దేనికీ కాదు,” అన్నారు.

“దేనికీ కాకుంటే ఎట్ల?”

“నీకు వారం మొత్తంలో దేనికీ కాని పని ఒక్కటన్నా ఉందా అమ్మాయ్?”

ఆలోచించాను. లేదు. పొద్దున నడక కూడా డాక్టరు చెప్పినందుకే. సినిమాకు పోయినా రేటింగు చూసే పోతాను. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు గుచ్చింది.

టీచర్ గారికి కొన్ని పట్టింపులుండేవి. నీళ్ళకు స్టీలు గ్లాసులే కావాలి, ఒకటి కుంచె కడగడానికి, ఒకటి మంచినీళ్ళు. పక్కనే ఆమె తెచ్చిన టీ గ్లాసు కూడా స్టీలుదే. రెండో బ్లాకు అంకుల్ ఒకాయన, రిటైరైన బ్యాంకు మేనేజరు, మా క్లాసులో టీ అనుకుని కుంచె కడిగిన నీళ్ళు తాగని వారం లేదు. “టీ బాగుందండీ, కాస్త చక్కెర తగ్గింది” అన్నారు ఒకసారి. టీచర్ గారు నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఈ అంకుల్ ఏనుగులు తప్ప వేరేవి వేయరు. బూడిదరంగు ఒక్కటే కొంటే చాలని ఆయన లెక్క. ఆయన ఏనుగులన్నీ చెవుల దగ్గరికి భుజాలు ఎత్తుకుని ఉండేవి. “ముందు మీ భుజాలు దించండి బాబూ, అప్పుడు అదీ దించుతుంది” అనేవారు టీచర్ గారు. నిజంగానే దించేది.

రంగుల డబ్బాలో తెలుపు ఉంటే తీయించేసేవారు. “తెలుపు డబ్బాలో లేదమ్మా, కాగితంలో ఉంది. ఎక్కడ వదిలేయాలో తెలిస్తే చాలు,” అనేవారు. నాకది చచ్చినా వచ్చేది కాదు. వదిలేయడం నా వృత్తిలోనే లేదు. లేడి కంట్లో మెరుపు కోసం చుక్కంత కాగితం వదలమంటే, ఖాళీ కనిపించేసరికి చెయ్యి ఊరుకోక నింపేసేదాన్ని. నా లేళ్ళన్నీ గుడ్డివి.

కుంచెలో తడి ఎక్కువైతే గుడ్డ వెతుక్కునేవారు కాదు. చీరకొంగు అంచుకు అద్దేవారు. ఆమె నేతచీరలన్నిటికీ కొంగు చివర మట్టిరంగు మచ్చలే. వాళ్ళమ్మాయి పోరుతుండేది, “అమ్మా, చర్చికి కూడా ఇదే కట్టుకొస్తావా?” అని. “దేవుడు పుట్టించిన ఎలుగుబంటి రంగే కదే, ఆయనకేం అభ్యంతరం,” అనేవారీవిడ.

మనుషుల బొమ్మలు నేర్పమని నేను అడిగాను ఒకసారి. మా ఆయన బొమ్మ వేద్దామని నా ఆశ. “వద్దు తల్లీ. మనిషిని వేస్తే ముక్కు అలా లేదంటాడు. అడవిపంది అనదు,” అని తేల్చేశారు.

చిరుత సంగతి చెప్పాలి. వచ్చే వారం చిరుత, తలా ఒక ఫోటో తెచ్చుకోండి అన్నారు. ఫోటోలు వెతికే ఓపిక ఎవరికుంది? ఆఫీసులో అలవాటైన పద్ధతే, ఫోన్‌లో ఏఐకి ఒక వాక్యం రాసి పడేశాను. అరక్షణంలో చిరుత వచ్చింది. ఏం చిరుతండీ అది! ఎండలో బంగారంలా మెరుస్తోంది. కలర్ ప్రింట్ తీయించుకుని గొప్పగా పోయాను. మా క్లాసులో ముప్పావు వంతు మంది అట్లాగే తెచ్చారు. అందరి చిరుతలూ అందంగానే ఉన్నాయి.

టీచర్ గారు నా ప్రింటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. కళ్ళజోడు పైకి జరిపారు, కిందికి జరిపారు.

“ఇదెక్కడ నిలబడిందమ్మా?”

“అడవిలో టీచర్.”

“అది కాదు. బరువు ఏ కాలి మీద వేసింది?”

చూశాను. పాదాలన్నీ గడ్డిలో మునిగి ఉన్నాయి, కానీ గడ్డి ఎక్కడా వంగలేదు. నాలుగు కాళ్ళూ గాల్లో ఉన్నట్టే ఉన్నాయి. నీడ ఒకటి ఎడమకు పడింది, ఒకటి కుడికి. తప్పులు వెతికే బతుకు నాది, నాకు ఒక్కటీ కనిపించలేదు. ఆమె ప్రింటు మెల్లగా బల్ల మీద పెట్టి, “ఇది ఎక్కడా బతకలేదమ్మా. దీనికి ఒక్కపూట కూడా ఆకలి వేసినట్టు లేదు,” అన్నారు. కోపం లేదు ఆ మాటలో. చిరుత మీద జాలి పడ్డట్టే అన్నారు. మా ప్రింట్లన్నీ తిరగేసి, వెనక్కాల తెల్లవైపు రంగులు కలిపి చూసుకోమన్నారు.

ఆ మరుసటి ఆదివారం చర్చి అయ్యాక మమ్మల్ని జూకి తీసుకెళ్ళారు. క్యాబులో మణికొండ నుంచి బహదూర్‌పురా దాకా, ఆ ట్రాఫిక్‌లో, చేతికర్రలా గొడుగు పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నారు. లోపలికి వెళ్ళాక అందరూ పులుల వైపు పరుగు. టీచర్ గారు నన్నూ అంకుల్‌నీ హైనా దగ్గర ఆపారు. అది ఒక మూల చెట్టునీడన మట్టికుప్పలా పడుకుని ఉంది. వచ్చేపోయేవాళ్ళు “గిదేం కుక్క?” అని అడిగి వెళ్ళిపోతున్నారు.

“పోదాం టీచర్. గది లేవదు.”

“లేస్తుంది.”

“పులి కాడికి పోదాం. మల్ల దాన్ని లోపల వేస్తరంట.”

“నువ్వెళ్ళమ్మా. నేను దీని కోసమే వచ్చాను.”

వదిలేసి ఎట్లా పోతాను? నిలబడ్డాను. హైనా లేచేదాకా చూడ్డానికి నాకు టీచర్ గారి వీపు తప్ప ఇంకేం లేదు. లేతాకుపచ్చ నేతచీర. సన్నటి జడ, దాని చివర నల్ల రబ్బరు బ్యాండు. ఎడమ భుజానికి గుడ్డసంచి. గొడుగు కటకటాలకు తగిలించి ఉంది. నాకు కాళ్ళు పీకుతున్నాయి, నిమిషానికోసారి కాలు మారుస్తున్నాను, ఈవిడ మాత్రం కదలడం లేదు. అప్పుడు చూశాను. మొత్తం ఎడమకాలి మీద నిలబడి ఉంది. కుడి మడమ చెప్పులోంచి లేచి ఉంది, వేళ్ళు మాత్రమే ఆనుతున్నాయి. మెడ కొంచెం ముందుకు వంగి ఉంది. ఎవరో వస్తారని ఎదురుచూస్తున్న మనిషిలా ఉంది.

చివరికి హైనా లేచింది. ఒళ్ళు విరుచుకుని నాలుగడుగులు వేసింది. టీచర్ గారు వెనక్కి తిరగకుండానే నా మణికట్టు పట్టుకున్నారు. “చూడు చూడు. బరువంతా ముందుకాళ్ళ మీదే మోస్తోంది. వెనక కాళ్ళు ఊరికే వెంటొస్తున్నాయి. కనిపించిందా? ఇంటికెళ్ళి అదే వెయ్యి. చారలు తర్వాత, బరువు ముందు.”

ఆ వారం నేను వేసిన హైనాకు చారలు సరిగ్గా కుదరలేదు. చెవులు కుందేలువి. అయినా అది నడుస్తోంది. వంటింట్లో ఫ్రిజ్ మీద అంటించాను. పొద్దున టీ పెట్టుకుంటూ చూస్తే మనసుకు హాయిగా ఉండేది. ఎందుకని అడిగితే చెప్పలేను, దేనికీ కాదు.

ఇక ఈ వారం సంగతికి వస్తాను. శనివారం పొద్దున మామూలు వేళకే కిందికి దిగాను. క్లాసు లేదని తెలుసు. అయినా అట్ట చంకలో పెట్టుకునే దిగాను. అంకుల్ అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నారు. ఆయన స్టీలు గ్లాసుల్లో నీళ్ళు పట్టుకొచ్చారు. హాలు అవతలి గోడకు అప్పటికే ఫ్లెక్సీ కట్టేశారు. ఆ నున్నటి బుగ్గల ఆవిడ మమ్మల్నే చూసి నవ్వుతోంది.

ఫోటో ఎట్లాగూ లేదు, కనీసం ఆ మొహం నేనే వేస్తాను అని కూర్చున్నాను. పంతం. మొదటిది టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా వచ్చింది. చించేశాను. రెండోది మా మేనత్త. ఇంకోటి వేద్దామంటే ముక్కు గుర్తు రాలేదు. అన్ని శనివారాలు ఎదురుగా కూర్చున్నాను కదా, ముక్కు ఎట్లా ఉండేదో గుర్తు రాదా? అప్పుడు ఏడ్చాను. మంగళవారం నుంచి రాని ఏడుపు క్యారమ్స్ బల్ల మీద తల పెట్టేసరికి వచ్చింది.

అంకుల్ ఏనుగు చెవి తడుపుతూ, నా వైపు చూడకుండానే, “చారల దగ్గర మొదలుపెట్టావమ్మా నువ్వు,” అన్నారు.

నేను ముక్కు చీదుకుని కొత్త కాగితం అంటించాను. కళ్ళు మూసుకుంటే మొహం రాలేదు గానీ జూలో ఆ వీపు వచ్చింది. ముందు ఎడమకాలు వేశాను, నేలకు దిగబడ్డట్టు. తర్వాత కుడి మడమ, చెప్పులోంచి లేచి. ఆ రెండూ పడ్డాక మిగతాదంతా వాటి మీదికి వచ్చి నిలబడింది. నడుము, సంచి, వంగిన మెడ, సన్నటి జడ. తడి ఎక్కువైనప్పుడు కుంచె చున్నీ అంచుకు అద్దుతున్నానని సగంలో గమనించాను. కొంగు చివర మట్టిరంగు మచ్చలు పెట్టాను. కటకటాలు, వాటికి గొడుగు పెట్టాను. అవతల హైనాను వేయాలి. అక్కడి కాగితం ఇంకా తడిగానే ఉంది, ఆరాక వేద్దామని ఆగాను. ఇంతలో కుర్చీలు వేసేవాళ్ళు వచ్చి బల్ల ఖాళీ చేయమన్నారు.

ఆదివారం కూడికకు ముందు వాళ్ళమ్మాయిని ఒక పక్కకు పిలిచాను. బాపట్ల నుంచి వచ్చి ముందు రోజే దిగారు, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. బొమ్మ కవరులోంచి తీయడానికి నాకు సిగ్గేసింది. అడిగింది ఫోటో, అందులోనూ మొహం. నేను తెచ్చింది వీపు.

“ఫోటో ఒక్కటి దొరకలే. గిది నేను వేసిన. మొహం నాతోని కాలే. నచ్చకుంటే పక్కన పెట్టేయి, ఏమనుకోను,” అని చేతికిచ్చాను.

ఆమె చూసింది. మడమ దగ్గర వేలు పెట్టింది, రంగుకు తగలకుండా కొంచెం పైన. కాసేపటికి కటకటాలు చూపించి, “ఇది మన గేటా?” అంది.

జూ అని చెప్పబోయాను. ఆమె వినడం లేదు.

“నేను నైట్ డ్యూటీ దిగి వచ్చేటప్పుడు అమ్మ గేటు దగ్గర ఇలాగే నిలబడేదక్కా. ముందైతే మా ఆసుపత్రి బస్సు గేటు దగ్గరే ఆగేది. రోడ్డు మీద సిగ్నల్ తీసేసి దూరంగా యూటర్న్ పెట్టాక బస్సు అటు నుంచి వచ్చి, గేటు దాటి ముందుకెళ్ళి, తిరిగొచ్చి నన్ను ఇటు, అమ్మ వెనకవైపు దింపేది. ఇటు చూడమ్మా, నేనొచ్చేది ఇటు అని ఎన్నిసార్లు చెప్పానో. ‘బస్సు వచ్చేది అటే కదే, ముందు బస్సు కనిపించాలి నాకు’ అనేది. నేను వెనకాల నుంచి వచ్చి భుజం తట్టేదాకా అటే చూస్తుండేది.” బొమ్మను ఇంకాస్త దగ్గరికి పట్టుకుంది. “రోజూ నేను చూసింది ఇదే. నాకు తెలిసిన అమ్మ ఇదేనక్కా.”

వాళ్ళాయన వచ్చి భుజం మీద నుంచి చూశాడు. లోపలికి వెళ్ళి, ఫ్లెక్సీ కింద బల్ల మీద పూలు కొంచెం పక్కకు జరిపి, బైబిలుకు ఆనించి బొమ్మ నిలబెట్టాడు. ఫ్లెక్సీ పైన అట్లాగే ఉంది. వచ్చినవాళ్ళు ముందు దాన్ని చూశారు, తర్వాత తల దించి దీన్ని చూశారు. కూడికలో మాట్లాడినవాళ్ళు ఎక్కువమంది కిందికి చూస్తూనే మాట్లాడారు. అంకుల్ మాత్రం మాట్లాడలేకపోయారు. మైకు పట్టుకుని భుజాలు ఎత్తి నిలబడి, కాసేపటికి దించుకుని, వచ్చి కూర్చున్నారు.

అందరూ వెళ్ళాక నేను బొమ్మ అడిగాను. “ఇంకా పూర్తి కాలే. కటకటాల అవతల ఒకటి వేసేది ఉన్నది. వారంలో వేసి తెచ్చిస్త,” అన్నాను.

“ఏం వేస్తావక్కా అక్కడ?” అని అడిగింది. చెయ్యి చాచాను గానీ ఆమె ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకుని ఆ ఖాళీ వైపే చూస్తోంది.

ఏం లేదన్నాను.

ఇప్పుడది వాళ్ళింట్లో ఉంది, వాళ్ళమ్మాయి బూట్లు పెట్టుకునే అలమర పైన. డ్యూటీకి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు కనిపించేట్టు. లేతాకుపచ్చ చీరలో మా టీచర్ గారు బరువంతా ఎడమకాలి మీద వేసి, కుడి మడమ ఎత్తి, మెడ చాచి అటే చూస్తున్నారు. ఆమె చూస్తున్న చోట రంగు లేదు, తెల్లకాగితమే ఉంది.